తొండను వదిలి రాళ్లను పట్టే ఫోకస్

సందేహం: మేం అరిజోనాలోని ఫీనిక్స్‌లో ఉంటాం. సొనోరన్ ఎడారిలో రీగల్ హార్న్‌డ్ లిజర్డ్ అనే కొమ్ముల తొండను తీయబోతే, జంతువుల కన్ను పట్టే ఆటోఫోకస్ పెట్టినా నా మిర్రర్‌లెస్ కెమెరా పక్కనున్న గులకరాళ్ల మీదే నిలుస్తోంది. ఫోన్‌లో వెనక దృశ్యాన్ని మసకచేసే పోర్ట్రెయిట్ మోడ్ పెడితే కొమ్ములు మసకబారుతున్నాయి. కొత్త కెమెరా కొనాలా?

జవాబు: అవసరం లేదు. జంతువులను గుర్తించే సదుపాయం చాలా మోడళ్లలో ప్రధానంగా కుక్కలు, పిల్లులు, పక్షుల కోసం తయారైంది. అది తొండను పోల్చుకోలేనప్పుడు కెమెరా వెలుగునీడల తేడా స్పష్టంగా ఉన్న ఏదో ఒక అంచును పట్టుకుంటుంది. గులకరాళ్లలో అలాంటి అంచులకు కొదవేముంది? పైగా ఈ తొండ రంగు నేలలో కలిసిపోతుంది, చదునైన ఒంటి పక్కల ఉన్న ముళ్లలాంటి పొలుసుల వరుస దాని నీడ గీతను కూడా చెదరగొడుతుంది. కాబట్టి ఆ సదుపాయాన్ని ఆపేసి, అన్నింటికన్నా చిన్న ఫోకస్ పాయింట్‌ను ఎంచుకుని కంటి మీద ఉంచండి. అదీ జారితే మీరే చేత్తో సరిచేసే మాన్యువల్ ఫోకస్‌కు మారి, తెర మీద దృశ్యాన్ని పెద్దది చేసి సరిచూసుకోండి. కదలకుండా ఉండటమే దాని ఆత్మరక్షణ కనుక మీకు ఆపాటి వ్యవధి దొరుకుతుంది.

అయితే అసలు కిటుకు సెట్టింగుల్లో కన్నా మీరు కెమెరా పట్టే ఎత్తులో ఉంది. నిలబడి తీస్తే తొండా నేలా దాదాపు ఒకే దూరంలో ఉంటాయి కాబట్టి రెండూ సమానంగా స్పష్టంగా వచ్చి, ఫొటో చూసినవాళ్లు తొండ ఎక్కడని అడుగుతారు. కెమెరాను దాని కంటి ఎత్తుకు దించితే వెనకున్న నేల దూరమై మసకబారుతుంది, తల వెనక కిరీటంలా ఉన్న కొమ్ములు విడిగా కనిపిస్తాయి. అపెర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుతురు వెళ్లే రంధ్రాన్ని, ఎఫ్/8 దగ్గర మొదలుపెట్టండి. ఎండ ముదిరాక వేడి నేల మీది గాలి కాంతిని వంచి, దూరం నుంచి తీసిన ఫొటోలను అలలు అలలుగా చేస్తుంది. ఎంత ఖరీదైన లెన్స్ అయినా దీన్ని సరిచేయలేదు, పొద్దున్నే వెళ్లడమే మార్గం. లేత రంగు ఇసుక ఫ్రేమంతా ఉంటే కెమెరా ఫొటోను చీకటిగా తీస్తుంది, ఎక్స్‌పోజర్‌ను (ఫొటో వెలుగును) +0.7 వరకు పెంచండి.

ఇక ఫోన్ సంగతి: పోర్ట్రెయిట్ మోడ్ లోతును అంచనా కట్టి మసకను పూస్తుంది, సన్నటి కొమ్ముల అంచుల దగ్గర ఆ అంచనా తప్పుతుంది. దాన్ని మానేసి, దూరపువాటిని దగ్గరగా చూపే టెలిఫొటో లెన్స్‌తో మామూలుగా తీయండి, తెర మీద వేలు నొక్కి ఉంచి ఫోకస్‌ను లాక్ చేయండి. ఐఫోన్ అయితే 35 డిగ్రీల సెల్సియస్ లోపు వాడమనే ఆపిల్ చెబుతోంది కనుక నీడలో ఉంచుకోండి. తొండలను పట్టుకుపోయేవాళ్లూ ఉంటారు. ఫొటోను పంచుకునే ముందు అందులోని లొకేషన్‌ను తీసేయండి.