సొంత జట్టును తిడితే ఊరుకునే మనం, సొంత పార్టీని తిట్టిన విలేకరిని ఎందుకు సహించలేం? బేస్‌బాల్ అలవాటుతో రాజకీయ వార్తలు చదవొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఉండేది వాషింగ్టన్ దగ్గర యాష్‌బర్న్‌లో, చూసేది అక్కడి బేస్‌బాల్ జట్టు వాషింగ్టన్ నేషనల్స్ ఆటలు, పొద్దున కాఫీతో చదివేది రాజకీయ వార్తలు. జట్టు చెత్తగా ఆడితే ఊరి పత్రికే ఉతికి ఆరేస్తుంది, మీకు కోపం రాదు. అదే పత్రిక మీరు మెచ్చే పార్టీని ఒక మాటంటే మాత్రం "అమ్ముడుపోయారు" అనిపిస్తుంది. లోపం పత్రికలో ఉందా, మనలో ఉందా?

ఇద్దరిలోనూ కొంత ఉంది. అంతకంటే పెద్ద కారణం స్కోర్‌బుక్. బేస్‌బాల్‌లో ఏం జరిగిందో రాసేది ఒకరు, దాని గురించి ఏమనుకోవాలో చెప్పేది వేరొకరు. రాజకీయ వార్తలో ఈ రెండూ ఒకే వాక్యంలో కలిసిపోయి వస్తాయి. విడదీసే పని చదివేవాడి నెత్తిన పడుతుంది.

ఒక్క బంతిని దగ్గరగా చూద్దాం. 2019 అక్టోబర్ 1, నేషనల్స్ పార్క్, మిల్వాకీ బ్రూవర్స్‌తో వైల్డ్ కార్డ్ ఆట. ఓడితే సీజన్ అయిపోయినట్టే. ఎనిమిదో ఇన్నింగ్స్, నేషనల్స్ 3-1తో వెనకబడి ఉన్నారు, ఇద్దరు ఔట్, మూడు బేస్‌లూ నిండి ఉన్నాయి (ఒక్కో బేస్ మీద ఒక్కో రన్నర్, హోమ్ చేరితే ఒక్కో పరుగు). బ్రూవర్స్ పిచర్ జాష్ హేడర్ వేసిన బంతిని నేషనల్స్ బ్యాటర్ హ్వాన్ సోటో రైట్ ఫీల్డ్‌లోకి కొట్టాడు. సింగిల్, అంటే బ్యాటర్ ఫస్ట్ బేస్ చేరే దెబ్బ. ఇద్దరు వచ్చేశారు, స్కోరు సమం. మామూలుగా అయితే అక్కడితో ఆగాలి. కానీ రైట్ ఫీల్డర్ ట్రెంట్ గ్రిషమ్ గ్లవ్‌కి చిక్కకుండా బంతి జారిపోయింది, మూడోవాడు కూడా ఇంటికి చేరాడు. 4-3. ఆట అలాగే ముగిసింది.

ఇక్కడి అభిమానికి అది సోటో దెబ్బ. మిల్వాకీ అభిమానికి అది గ్రిషమ్ తప్పు. స్కోర్‌బుక్‌లో మాత్రం రెండూ వేర్వేరు గళ్లలో ఉంటాయి: బ్యాటర్‌కి సింగిల్, రెండు ఆర్‌బీఐలు (అతని దెబ్బతో వచ్చిన పరుగులు). మూడో పరుగు ఈ-9, అంటే రైట్ ఫీల్డర్ తప్పిదం. దాన్ని పిచర్ ఎర్న్‌డ్ రన్స్‌లో, అంటే అతని వల్ల వచ్చిన పరుగుల్లో, కలపరు. రెండు ఊళ్లవాళ్లు రాత్రంతా వాదించుకున్నా ఆ గళ్ల మీద పేచీ ఉండదు.

స్కోరర్ కూడా మనిషే. సాధారణ ప్రయత్నంతో ఆపగలిగిన బంతిని ఆపలేకపోతే అది తప్పిదం అంటుంది నియమం. ఏది సాధారణమో తేల్చేది ఆయనే. ఒకప్పుడు పత్రికల విలేకరులే ఈ పని చేసేవాళ్లు. అంటే అదీ ఒక అభిప్రాయమే. కాకపోతే నియమం అచ్చులో ఉంది, తేల్చినవాడెవరో తెలుసు, జట్టుకి నచ్చకపోతే లీగ్‌కి మొరపెట్టుకునే దారుంది. రాజకీయ వార్తలో "ఎదురుదెబ్బ" అని రాసినవాడు ఏ నియమం ప్రకారం అన్నాడో మనకి కనబడదు.

కాబట్టి రాజకీయాలకి స్కోర్‌బుక్ మీరే పెట్టుకోవాలి. పెద్ద పనేం కాదు, రూళ్ల నోట్‌బుక్, పెన్సిల్ చాలు. ఒకేసారి పది విషయాలు పట్టుకోకండి. మీ బతుక్కి తగిలే రెండు మూడు బిల్లులు ఎంచుకోండి, వీసా బిల్లు కావచ్చు, పన్ను బిల్లు కావచ్చు. ఒక్కోదానికి ఒక పేజీ ఇచ్చి ఐదు గళ్లు గీయండి: బిల్లు నంబరు, తేదీ, ఎక్కడుంది, ఓట్ల లెక్క, తర్వాత ఏం జరగాలి. కమిటీ దాటితే ఫస్ట్ బేస్, ఒక సభ దాటితే సెకండ్, రెండో సభ కూడా అదే పాఠాన్ని ఆమోదిస్తే థర్డ్, అధ్యక్షుడి సంతకం పడితే హోమ్. ప్రతినిధుల సభలో 435 సీట్లు, అందరూ హాజరైతే 218 కావాలి. సెనేట్‌లో వంద మందే ఉన్నా చాలా బిల్లులకి చర్చ ముగించడానికే 60 ఓట్లు కావాలి. అందుకే "సభ ఆమోదించింది" అన్న వార్త చూడగానే పండగ చేసుకోకండి, సెకండ్ బేస్ దగ్గర ఉన్నాం అంతే. కాంగ్రెస్ గడువు రెండేళ్లు. ఆలోగా హోమ్ చేరని బిల్లులన్నీ చచ్చిపోతాయి, ఇన్నింగ్స్ ముగిసినప్పుడు బేస్‌ల మీద మిగిలిపోయినవాళ్లలాగే. వాళ్లని పరుగులుగా లెక్కెయ్యం కదా.

పొరపాట్లు జరిగేచోట్లు కూడా చెప్పాలి. ఒకటి, మూజువాణి ఓటు. ఎవరు ఎటు వేశారో అందులో నమోదు కాదు, ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి, ఊహతో నింపొద్దు. రెండు, బిల్లు నంబరు మాయమవడం. మీ బిల్లు పాఠాన్ని తీసుకెళ్లి ఇంకో పెద్ద బిల్లులో కుక్కేస్తారు. పాత నంబరు కమిటీలోనే పడి ఉంటుంది, మీరు చచ్చిందనుకుంటారు. అది పించ్ రన్నర్ కేసు. బేస్ మీద మనిషి మారాడు, పరుగు మాత్రం వచ్చింది. మూడోది అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది. చర్చ నియమాల మీదో, బిల్లుని కమిటీకి తిప్పి పంపాలన్న తీర్మానం మీదో పడిన ఓటుని "ఫలానా సభ్యుడు బిల్లుకి వ్యతిరేకంగా ఓటేశాడు" అని ప్రచారం చేస్తారు. ఎవరు ఎటు వేశారో చూపే రోల్ కాల్ జాబితాలో ఓటు దేని మీద అన్నది పైవరుసలోనే ఉంటుంది. పేర్లు చూసేముందు ఆ వరుస చదవండి.

బేస్‌బాల్ అభిమాని బోల్తా పడే చోటు కూడా ఒకటుంది. స్కోరు రాయడం మరిగాక బిల్లులో ఏముందో చదవడం మానేస్తాడు. ఆటలో పరుగు ఎలా వచ్చినా పరుగే. చట్టం అలా కాదు.

ఇక మాట్లాడేవాళ్ల సంగతి. ఆట చుట్టూ మూడు రకాల గొంతులుంటాయి. జట్టు తరఫున టీవీలో, రేడియోలో మాట్లాడే కామెంటేటర్ ఒకరు. ఆయన నోట జట్టు మీద ప్రేమ వినబడుతుంది, దాన్నెవరూ తప్పుపట్టరు. రెండోవాడు రోజూ జట్టు వెంట తిరిగే బీట్ విలేకరి. ప్రెస్ బాక్స్‌లో చప్పట్లు కొట్టకూడదన్నది ఆ వృత్తిలో పాత కట్టుబాటు. పైగా ఇవాళ తిట్టిన ఆటగాడి ముందుకే రేపు లాకర్ గదిలో వెళ్లి నిలబడాలి, ఏడాదికి 162 ఆటలు. అందుకే తిట్టినా లెక్కతో తిడతాడు. మూడోవాడు కాలమిస్టు, ఆయన అమ్మేది అభిప్రాయం.

రాజకీయాల్లోనూ ఇవే మూడు: పార్టీ ప్రతినిధి, కాంగ్రెస్‌నో కోర్టునో రోజూ చూసే విలేకరి, స్టూడియోలో కూర్చునే విశ్లేషకుడు. మన కోపంలో ఎక్కువ భాగం మూడోవాడి మాటని రెండోవాడికి అంటగట్టడం వల్ల వచ్చేదే. మనకిది ఇంకాస్త కష్టం, ఎందుకంటే ఏ ఇంటికి ఏ పేపరు వస్తుందో చూసి అది ఏ పార్టీ ఇల్లో చెప్పే ఊళ్లలో పెరిగాం. అక్కడ మూడు గొంతులూ ఒకే మైకులో వినబడతాయి. ఇక్కడి పత్రికలు పవిత్రమైనవని నేననను, కానీ ఏ పేజీలో ఏ గొంతో రాసి పెడతారు. "అభిప్రాయం" అన్న చిన్న చీటీ వెతకండి.

ఛానల్ ఎవరిదో కూడా చూడాలి. 2005లో మాంట్రియల్ నుంచి జట్టు వాషింగ్టన్ వచ్చినప్పుడు, పక్కనే ఉన్న బాల్టిమోర్ ఓరియోల్స్ తమ మార్కెట్ పోయిందని గోల చేశారు. పరిహారంగా రెండు జట్ల ఆటలూ చూపించే మాసన్ ఛానల్‌లో పెద్ద వాటా వాళ్ల చేతికి వెళ్లింది. అంటే అప్పట్లో మన ఆటలు చూపించిన ఛానల్ పొరుగు జట్టుది! హక్కుల డబ్బు మీద 2012లో మొదలైన తగాదా 2025లో గానీ తేలలేదు. జట్టు చేతిలో డబ్బెంత, పెద్ద ఆటగాళ్లకి ఎంత ఇవ్వగలదు అన్న ప్రతి చర్చ వెనకా అన్నేళ్లూ ఆ తగాదా ఉండేది. వార్త చదివేటప్పుడు యజమాని ఎవరన్న ప్రశ్న అందుకే అడగాలి, తిట్టడానికి కాదు.

"విశ్వసనీయ వర్గాల సమాచారం" అన్న మాట ఆటలోనూ ఉంది. 2022 జులైలో సోటో 15 ఏళ్లు, 44 కోట్ల డాలర్ల ఒప్పందాన్ని కాదన్నాడని వార్త బయటికొచ్చింది. ఇలాంటిది చదివినప్పుడు పాత అభిమాని వేసే మొదటి ప్రశ్న: ఈ అంకె బయటికి రావడం వల్ల ఎవరికి మేలు? జట్టుకా, ఏజెంటుకా, ఇంకో జట్టుకా? అయితే ఆటలో పుకారుకి గడువుంటుంది. ఆగస్టు 2న ట్రేడ్ గడువు, అంటే జట్లు ఆటగాళ్లని మార్చుకోవడానికి చివరి రోజు, ఆరోజే సోటో శాన్ డియేగో వెళ్లిపోయాడు. ఎవరి పుకారు నిజమో అదే రోజు తేలిపోయింది. రాజకీయ పుకారుకి గడువుండదు. మీరే పెట్టండి: వార్త పక్కన తేదీ రాసి, ఆరు వారాల తర్వాత తిరగేసి టిక్కో ఇంటూయో పెట్టండి. ఏడాదిలో ఏ విలేకరి "వర్గాలు" నిలబడుతున్నాయో మీకే తెలుస్తుంది.

అంకెల విషయంలో మాత్రం బేస్‌బాల్ అభిమానికి ముందంజ ఉంది. 50 సార్లు బ్యాటింగ్‌కి వచ్చి .300 సగటు (అంటే పదికి మూడు హిట్లు) కొట్టినవాడి అసలు సత్తా .170 నుంచి .430 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. వెయ్యిమందిని అడిగిన సర్వేలో ఒక్కో అభ్యర్థి అంకెకి మూడు శాతం అటూ ఇటూ ఉంటుంది, ఇద్దరి మధ్య తేడాకి దాదాపు ఆరు. 47-44 అంటే ఆధిక్యం కాదు, సీజన్ మొదట్లో ఏప్రిల్ నెల బ్యాటింగ్ సగటు. 2019లో ఇదే నేషనల్స్ మొదటి 50 ఆటల్లో 19 గెలిచి 31 ఓడారు. మేనేజర్‌ని పీకెయ్యమన్న కేకలు ఊరంతా వినిపించాయి. తర్వాతి 112లో 74 గెలిచారు, వరల్డ్ సిరీస్ కొట్టారు. ఆ సిరీస్‌లో ఏడు ఆటల్లో ఒక్కటీ సొంత మైదానంలో ఆడిన జట్టు గెలవలేదు. సొంత మైదానం బలం అని కాలమ్‌లు రాసేవాళ్లు ఆ వారం ఏం తిన్నారో పాపం.

గణాంకాల నిపుణుడు నేట్ సిల్వర్ ఈ దారిలోనే వచ్చాడు. ఆటగాళ్ల భవిష్యత్తు అంచనా వేసే పెకోటా అనే పద్ధతి కట్టి, 2008లో ఎన్నికల అంచనాల్లోకి దిగాడు. 2016లో ఆయన సైట్ ట్రంప్‌కి ఇచ్చిన అవకాశం 29 శాతానికి కొంచెం తక్కువ. గెలిచాక "అంచనా తప్పింది" అని చాలామంది విరుచుకుపడ్డారు. .286 సగటున్న బ్యాటర్ హిట్ కొడితే స్టేడియంలో ఎవరైనా అద్భుతం అంటారా?

శాంపిల్ గురించి ఇంకొకటి. 2019 అక్టోబర్ 27న వరల్డ్ సిరీస్ ఐదో ఆటకి ట్రంప్ వచ్చినప్పుడు నేషనల్స్ పార్క్ హోరెత్తేలా బూ కొట్టింది. జరిగింది నిజం, వార్త కూడా నిజమే. దాన్ని దేశం నాడి అనుకుంటేనే తప్పు. 2016లో వాషింగ్టన్ నగరంలో ఆయనకి పడింది నాలుగు శాతం ఓట్లు. ఆ స్టాండ్స్‌లో వర్జీనియా, మేరీలాండ్ వాళ్లు ఎంతమంది కలిసినా అది సర్వే కాదు.

చివరగా ఎన్నికల రాత్రి టీవీ. తర్వాత అధ్యక్షుడైన రేగన్ 1930ల్లో డెమాయిన్‌లోని డబ్ల్యూహెచ్ఓ రేడియోలో షికాగో కబ్స్ ఆటలు చెప్పేవాడు, మైదానంలో కూర్చుని కాదు, టెలిగ్రాఫ్ చీటీలు చూసి కల్పిస్తూ. ఒకసారి తంతి తెగింది. ఆట ఆగిందంటే వినేవాళ్లు వేరే స్టేషన్‌కి పోతారు. అందుకని బ్యాటింగ్‌లో ఉన్న బిల్లీ జర్జెస్‌తో నిమిషాల తరబడి ఫౌల్ మీద ఫౌల్ కొట్టించాడు. తంతి మళ్లీ కలిశాక చూస్తే జర్జెస్ మొదటి బంతికే ఔటయ్యాడట. తర్వాత రేగన్ స్వయంగా నవ్వుతూ చెప్పుకున్న కథ ఇది. మీరు టీవీ చూసేటప్పుడు తెర మూలన "లెక్కించిన ఓట్ల శాతం" అంకె మీద కన్నుంచండి. అది ఇరవై నిమిషాలుగా కదలకుండా, బల్ల చుట్టూ ఆరుగురు మాత్రం ఆగకుండా మాట్లాడుతున్నారంటే జర్జెస్ ఫౌల్స్ కొడుతున్నాడన్నమాట. లేచి వెళ్లి కాఫీ కలుపుకోండి.