హామీ అద్దె చూసి వృద్ధుల గృహంలో గది కొనవచ్చా?

ప్రశ్న: నా వయసు 53. కొత్తగా కడుతున్న అసిస్టెడ్ లివింగ్ (వృద్ధులకు రోజువారీ పనుల్లో సాయం అందించే గృహాల) సముదాయంలో ఒక గది కొంటే పదేళ్లపాటు ఏడాదికి 9 శాతం అద్దె గ్యారంటీ అంటున్నారు. వృద్ధుల సంఖ్య పెరుగుతోంది కాబట్టి నష్టం రాదని, అవసరమైతే రేపు మేమే అక్కడ ఉండవచ్చని నా ఆలోచన. పొదుపులో సగం పెట్టవచ్చా?

జవాబు: సగం పెట్టకండి. ఆ సముదాయాన్ని నడపబోయే సంస్థ లెక్కలు మీ చేతికి వచ్చేదాకా అడ్వాన్సు కూడా ఇవ్వకండి.

వృద్ధుల సంఖ్య పెరుగుతోందన్న మాట నిజమే. అమెరికాలో 1946 నుంచి పుట్టిన పెద్ద తరం 2026లో 80 ఏళ్లకు చేరడం మొదలవుతుంది. ఇలాంటి గృహాల్లో చేరేది ఎక్కువగా ఆ వయసువారే. అయితే ఈ సంగతి ప్రతి బిల్డరుకూ తెలుసు. గిరాకీ ఉన్నచోటే పోటీ భవనాలూ లేస్తాయి.

మామూలు ఇంట్లో అద్దెదారు ఇంటికి డబ్బు కడతాడు. ఇక్కడ గదిలో ఉండే పెద్దాయన కట్టే డబ్బులో ఎక్కువ భాగం స్నానం చేయించే ఆయాకు, వేళకు మందులిచ్చే నర్సుకు, అర్ధరాత్రి బెల్లు కొడితే వచ్చే మనిషికి పోతుంది. మీరు కొంటున్నది గది రూపంలో ఉన్న ఒక సేవా వ్యాపారం.

లెక్క వేసి చూద్దాం. వంద గదులు, గదికి నెలకు 100 చొప్పున వసూలు అనుకోండి. 90 గదులు నిండితే రాబడి 9,000. ఖర్చు 6,500 పోతే మిగిలేది 2,500. అదే 78 గదులే నిండితే రాబడి 7,800. వంట సరుకులు కాస్త తగ్గుతాయి గానీ రాత్రి కాపలా, నర్సుల జీతాలు తగ్గవు కనుక ఖర్చు 6,200 దగ్గరే ఆగుతుంది. మిగిలేది 1,600. రాబడి 13 శాతం తగ్గితే మిగులు 36 శాతం పడిపోయింది! ఇది కేవలం ఊహ కాదు. కొవిడ్‌కు ముందు అమెరికాలో సుమారు 87 శాతం నిండి ఉన్న వృద్ధుల గృహాలు 2021 నాటికి 80 శాతం కన్నా కిందికి జారాయి.

గ్యారంటీ ఉంది కదా అంటారేమో. అమెరికాలో హెచ్‌సీపీ అనే పెద్ద రీట్ (మదుపరుల డబ్బుతో భవనాలు కొని అద్దెకిచ్చే సంస్థ) 2011లో 600 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి హెచ్‌సీఆర్ మేనర్‌కేర్ సంస్థ భవనాలను కొని, తిరిగి ఆ సంస్థకే దీర్ఘకాలిక లీజుకు ఇచ్చింది. వాటిలో ఎక్కువ నర్సింగ్ కేంద్రాలు, కొన్ని అసిస్టెడ్ లివింగ్ గృహాలు. ఆ తర్వాత మెడికేర్ (అక్కడ వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) చెల్లింపుల్లో కోత పడింది. అద్దె భారం మోయలేక మేనర్‌కేర్ 2018లో దివాలా పిటిషన్ వేసింది. అంత పెద్ద హెచ్‌సీపీకే లీజు పత్రం అద్దె తెచ్చిపెట్టలేకపోయింది. మీకిస్తున్న 9 శాతం ఎవరి జేబులోంచి వస్తుందో అడగండి. చాలాసార్లు ఆ మొత్తాన్ని ముందే గది ధరలో కలిపేస్తారు. గ్యారంటీ లేకుండా అలాంటి గదే ఎంతకు వస్తుందో కనుక్కుంటే తేడా తెలిసిపోతుంది.

మీరే ఉండవచ్చన్న ఆలోచనను దీనితో ముడిపెట్టకండి. పదేళ్లు లీజుకిచ్చిన గది మీరు కోరిన రోజున ఖాళీగా ఉండదు. మతిమరుపు జబ్బు వస్తే వేరే విభాగంలో, వేరే రుసుముతో చేరాల్సి ఉంటుంది. మీ సంరక్షణకు కావలసిన డబ్బు ఎప్పుడైనా తీసుకోగలిగే చోట విడిగా ఉండాలి.

ఈ రంగంపై నమ్మకం ఉంటే పొదుపులో 5 శాతం, మించితే 10 శాతం వరకు వెల్‌టవర్, వెంటాస్ లాంటి అమెరికా లిస్టెడ్ రీట్ల (స్టాక్ మార్కెట్లో షేర్లు దొరికేవాటి) ద్వారా పెట్టవచ్చు. విదేశీ పెట్టుబడి అయితే మారకపు రేటు, పన్ను కూడా చూసుకోవాలి. ధర ఊగిసలాడుతుంది, కానీ వందల భవనాలపై రిస్కు పంచుకుంటారు, అవసరమైతే అమ్ముకోగలరు. ఒక్క గదిని అమ్మాలంటే మాత్రం కొనేవాడి కోసం నెలల తరబడి ఎదురుచూడాలి.

ఇంకా ఆ గదే కావాలనిపిస్తే, అదే సంస్థ నడుపుతున్న పాత గృహానికి రాత్రి పూట వెళ్లండి. ఎంతమంది వృద్ధులకు ఎంతమంది సిబ్బంది మేలుకుని ఉన్నారో చూడండి. మూడేళ్ల ఆడిట్ లెక్కలు, ఏ నెలలో ఎన్ని గదులు నిండాయన్న వివరాలు రాతపూర్వకంగా అడగండి. ఇవ్వడానికి వెనకాడితే ఆ బేరం వదిలేయండి.