జలాశయంలో పక్షులు పెరిగితే అడవికి నష్టం లేనట్టేనా?

ప్రశ్న: మాది నాగార్జునసాగర్‌కు దగ్గరి ఊరు. చలికాలంలో జలాశయం అంచుల్లో బాతులు, కొంగలు, నీటికాకులు గుంపులుగా కనిపిస్తాయి. అమెజాన్ వంటి ఉష్ణమండల అడవుల్లో మాత్రం జలవిద్యుత్ ఆనకట్టల వల్ల పక్షిజాతులు కనుమరుగవుతున్నాయని చదివాను. నీళ్లు నిలిస్తే పక్షులు పెరగాలి కదా, తగ్గడమేమిటి?
– ఒక పాఠకురాలు, మాచర్ల

జవాబు: మీరు చూసినదీ నిజమే, చదివినదీ నిజమే. జలాశయానికి వచ్చి చేరే పక్షులు వేరు, దాని వల్ల చోటు కోల్పోయే పక్షులు వేరు. మొదటివి ఆరుబయట వందలుగా కంటపడతాయి. రెండోవి దట్టమైన అడవి నీడలో జంటలుగా బతికేవి కాబట్టి, అవి పోయిన సంగతి ఏళ్ల తరబడి వెతికేవారికి తప్ప తెలియదు.

బ్రెజిల్‌లో మనౌస్ నగరానికి విద్యుత్తు అందించడానికి ఉవతుమా నదిపై బల్బీనా ఆనకట్ట కట్టి 1987లో నీరు నింపారు. అక్కడి నేల దాదాపు చదునుగా ఉండడం వల్ల 2,000 చదరపు కిలోమీటర్లకు మించిన ప్రాంతం మునిగిపోయి, మెరక ప్రదేశాలు మాత్రం 3,500కు పైగా దీవులుగా మిగిలాయి. మీ సాగర్ జలాశయం విస్తీర్ణం సుమారు 285 చదరపు కిలోమీటర్లు, అక్కడి ప్రధాన విద్యుత్కేంద్రం సామర్థ్యం సుమారు 816 మెగావాట్లు. బల్బీనా సామర్థ్యం 250 మెగావాట్లే. ఇంత కొద్ది విద్యుత్తు కోసం అంత అడవిని ముంచడం పెద్ద తప్పిదమని నేను గట్టిగా నమ్ముతాను.

దీవి మీద అడవి మిగిలింది కదా, పక్షులకు రెక్కలున్నాయి కదా అని మీరు అడగవచ్చు. అసలు చిక్కు అక్కడే ఉంది. పనామాలో ఓడల కాలువ కోసం ఆనకట్ట కట్టగా ఏర్పడిన గటూన్ సరస్సు మధ్యకు పక్షులను పడవలో తీసుకువెళ్లి, ఒడ్డుకు 100 నుంచి 300 మీటర్ల దూరంలో వదిలిపెట్టి పరిశోధకులు పరీక్షించారు. అడవి లోపల చెట్ల కింద తిరిగే కొన్ని జాతులు 100 మీటర్లయినా దాటలేక నీటిలో పడిపోయాయి. వాటిని మళ్లీ పడవలోకి తీసుకోవలసి వచ్చింది. తరతరాలుగా నీడలో కొమ్మ నుంచి కొమ్మకు ఎగరడానికే అలవాటుపడిన పక్షికి ఆ కొద్దిపాటి నీరే సముద్రమంత అడ్డు. అందువల్ల ఒక దీవిలో ఆ జాతి ఒకసారి అంతరిస్తే, బయటి నుంచి వచ్చి ఆ లోటు తీర్చే పక్షి ఉండదు.

నష్టం వెంటనే కనిపించదు కూడా. గటూన్ సరస్సులోనే 1914 నాటికి దీవిగా మారిన బారో కొలరాడోలో సుమారు 1,500 హెక్టార్ల అడవి ఉంది. దండుగా కదిలే చీమల వెంట తిరుగుతూ, వాటికి బెదిరి బయటికి వచ్చే పురుగులను పట్టి తినే ఆసిలేటెడ్ యాంట్‌బర్డ్ అనే పక్షి అంత అడవిలోనూ నిలవలేక కొన్ని దశాబ్దాల తర్వాత ఆ దీవి నుంచి పూర్తిగా మాయమైంది. ఇక చిన్న దీవుల్లోనైతే అలాంటి చీమల దండుకే చాలినంత చోటు ఉండదు. పైగా నాలుగు వైపుల నుంచీ ఎండ, గాలి చొరబడి నేల మీది ఆకుల తేమ ఆరిపోతుంది, పెద్ద చెట్లు కూలిపోతాయి.

ఆనకట్టకు దిగువన సమస్య మరోలా ఉంటుంది. విద్యుత్ అవసరాన్ని బట్టి నీరు వదలడం, ఆపడం జరుగుతుంటే, వేసవిలో ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టే పక్షులకు ముప్పు రెండు విధాలుగా వస్తుంది: నీరు పెరిగితే గూళ్లు మునిగిపోతాయి, తగ్గితే తిన్నెలకు దారి ఏర్పడి కుక్కలూ నక్కలూ నడిచి వచ్చేస్తాయి. చలికాలంలో మన కాకినాడ తీరంలోనూ కనిపించే ఇండియన్ స్కిమ్మర్ అనే పక్షి చంబల్, మహానది తిన్నెల మీద ఈ రెండింటినీ ఎదుర్కొంటోంది. గుడ్లు పెట్టే నెలల్లో నీటిమట్టం ఒక్కసారిగా మారకుండా చూడడం జలాశయాలను నడిపేవారి చేతిలో ఉన్న పని. ముంపు అడవిని మాత్రం తర్వాత ఎవరూ తిరిగి తేలేరు కాబట్టి, నీరు ఎంత మేర పరుచుకుంటుంది, దీవులు ఎంత చిన్నవిగా మిగులుతాయి అన్న లెక్కలు ఆనకట్టకు చోటు ఎంచుకునేటప్పుడే తేలాలి.