అక్క అడగని అప్పు

తిరుపతిలో ఉద్యోగం చేస్తున్న 36 ఏళ్ల వ్యక్తి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. హేతువును, స్వప్రయోజనాన్ని నమ్మి బతుకుతానని, అమెరికా రచయిత్రి, తత్వవేత్త అయిన్ రాండ్ తన గురువని ఆయన అంటారు. ఆయన ఇంజినీరింగు ఫీజుల కోసం అక్క డిగ్రీ మధ్యలో మానేసి, మూడు వేసవులు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసింది. బావ వదిలేసి వెళ్లాడు. ఇప్పుడు ఆమె కూతురి ఇంటర్ చదువుకు లక్షన్నర ఇమ్మని నాయన పోరుతున్నాడు. "త్యాగం చెయ్యమని నేనెవరినీ అడగలేదు. నేను ఇవ్వకపోవడం హేతుబద్ధమేనా?" అన్నది ఆయన ప్రశ్న.

ఆ ప్రశ్నను ముందు పక్కన పెట్టేద్దాం. డబ్బు మీది, ఇవ్వకపోతే నేరం కాదు. దానికి ఆమోదముద్ర వెయ్యడానికి 1982లో కన్నుమూసిన అయిన్ రాండూ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు.

నన్ను ఆపింది వేరే విషయం. మీ ఉత్తరంలో "మా నాయన అన్నాడు" అన్న మాట పదకొండు చోట్ల ఉంది, అక్క అన్న మాట ఒక్కటీ లేదు. ఆమె మిమ్మల్ని ఏమీ అడగలేదు, అడుగుతున్నది నాయన. సంక్రాంతికి వెళ్లినా, తిరునాళ్లకు వెళ్లినా, నలుగురి ముందూ "నీ కోసం అది బతుకు పాడుచేసుకునింది" అని ఆయన లెక్క విప్పడం మొదలుపెట్టినప్పటి నుంచే మీకు త్యాగమనే మాట గిట్టకుండా పోయిందని నా అనుమానం. ఆ ఉక్కిరిబిక్కిరి నాకు అర్థమవుతుంది, పెంచినందుకు జీవితాంతం బిల్లు చూపించే తండ్రి మీద నాకూ గౌరవం లేదు. కానీ నాయనకు చెప్పలేని జవాబును మీరు అక్క మీద తీర్చుకుంటున్నారు. ఆమె చదువు మాన్పించిందీ ఆయనే, ఆ మాన్పించిన చదువును ఈనాడు ఆమె తరఫున వసూలు చేస్తున్నదీ ఆయనే.

మీ సిద్ధాంతాన్నే తీసుకుందాం, నేనూ ఒక వయసులో దాన్ని శ్రద్ధగా చదివినదాన్నే. ఇతరుల కోసం నిన్ను బలిచేసుకోకు అని చెప్పిన ఆవిడ, నీ కోసం ఇతరులనూ బలిచెయ్యకు అని అంతే గట్టిగా చెప్పింది. మన కుర్రవాళ్లు మొదటి సగం చదివి పుస్తకం మూసేస్తారు. విలువకు విలువ చెల్లించాలని, సంపాదించనిదాన్ని ఆశించరాదని కూడా ఆవిడ మాటే. మనకు విలువైన మనిషి కోసం చేసేది త్యాగమే కాదని కూడా అన్నది. 1926లో, 21 ఏళ్ల వయసులో అమెరికాలో దిగినప్పుడు ఆవిడ కొన్ని నెలలు షికాగోలో బంధువుల ఇంట్లోనే ఉన్నది; తరవాత తన తల్లిదండ్రులను రష్యా నుంచి రప్పించుకోవాలని ప్రయత్నిస్తే, సోవియట్ ప్రభుత్వం పంపలేదు.

సొన కాలి అక్క వేళ్లు ఆగస్టు దాకా నల్లగా ఉండేవని, పెరుగన్నం కలుపుకోవడానికి చెంచా వాడేదని రాసింది మీరే. ఆ మూడు వేసవుల కూలి మీ కాలేజీ కౌంటర్లో జమ అయింది. మీరు అడగలేదు, నిజమే, కానీ రసీదు మీ పేరు మీదే ఉంది. వ్యాపారి భాషలో దాన్ని అప్పు అంటారు.

ఇంకో వాక్యం దగ్గర నాకు కోపం వచ్చింది, దాచను. "నాయన తరవాత మూడెకరాల తోట ఎలాగూ నాదే" అని మీరు అలవోకగా రాసేశారు. అది తాతల నాటి ఆస్తి అయితే, అందులో ఆడపిల్లకు కొడుకుతో సమానమైన వాటా ఉంది. ఎన్టీఆర్ ప్రభుత్వం మన రాష్ట్రంలో 1986లోనే దానికి చట్టం చేసింది, 2005 సవరణతో అది దేశమంతటికీ వచ్చింది. బాధ్యత దగ్గరికి వచ్చేసరికి అమెరికా తత్వం, తోట దగ్గరికి వచ్చేసరికి మీ ఊరు దామలచెరువు ఆచారమా?

ఈ ఆదివారం బస్సెక్కి అక్క ఇంటికి వెళ్లండి, నాయన లేని పూట చూసుకోండి. ఆమెకు నిజంగా డబ్బు కావాలో, కాగితాల మీద తన వాటా కావాలో, అసలు మీ నుంచి ఏమీ అక్కర్లేదో అడిగి, ఆమె చెప్పేది పూర్తిగా వినండి. అక్కడ ఏది తేలితే దాన్ని నాయనకు మీరే చెప్పాలి, ఆమెను ముందుకు నెట్టకండి. ఆ మాట్లాడేటప్పుడు మాత్రం పుస్తకాల ఊసెత్తవద్దు.