పాత గేమ్ మళ్లీ మొదలుపెట్టే ముందు

చిన్నా,

‘మాఫియా’ కంప్యూటర్ గేమ్ పాతది ఆడాలా, 2020లో వచ్చిన రీమేక్ ఆడాలా అని అడిగావు. ఫోన్‌లో తొందరలో ఏదో చెప్పేశాను. అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ముందు 2002 నాటిదే ఆడు. దిల్‌సుఖ్‌నగర్‌లో రూమ్ తీసుకుని ఉన్న రోజుల్లో ఒకసారి ఆడాను, కిందటి నెల మళ్లీ పూర్తి చేశాను. మొదటి గంట చిరాకు పడతావు. ఆ 1930ల కారు ఎంత తొక్కినా కదలదు. గంటకు 40 మైళ్లు దాటితే పోలీసులు ఆపి ఫైన్ వేస్తారు, రెడ్ లైట్ దాటినా అంతే. అప్పట్లో తిట్టుకుంటూ ఆడాను. ఇప్పుడు రోజూ ఎల్బీనగర్ నుంచి మాదాపూర్ దాకా ట్రాఫిక్‌లో బండి నడుపుతున్నాను కదా, టాక్సీ తోలే కథానాయకుడు టామీ అలసట ఈసారి బాగా తెలిసింది. బతుకుదెరువైన ఆ టాక్సీని రౌడీలు పగలగొడితే వాడు ముఠా గుమ్మం ఎందుకు తొక్కాడో కూడా అర్థమైంది. కాబట్టి ఆ నెమ్మదిని భరించు. డ్రైవింగ్‌లో ఫోన్ చూడకు, మాటలు స్కిప్ చేయకు.

రేసు మిషన్ మాత్రం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు. మూడు రాత్రులు పోయాయి. అక్కడ విసుగొస్తే కంప్యూటర్ కట్టేసి పడుకో. గేమ్ మాత్రం వదిలేయకు.

తర్వాత ‘మ్యాక్స్ పేన్’ ఆడు, 2001 నాటిది. కొత్త విండోస్‌లో దానికి సౌండ్ సరిగా రాదు. దాన్ని సరిచేయడానికి అభిమానులు చేసిన ప్యాచ్ ఫైల్ ఉంది, ముందు అది వేసుకో. సౌండ్ లేకుండా ఆ గేమ్ ఆడటం దండగ. భార్యనీ పసిబిడ్డనీ పోగొట్టుకున్నవాడి కథ అది. మధ్యలో వాడికో పీడకల వస్తుంది. చీకట్లో సన్నటి నెత్తుటి గీత మీద నడవాలి, ఎక్కడినుంచో బిడ్డ ఏడుపు వినిపిస్తుంటుంది. రూమ్ రోజుల్లో నాకు అదొక కష్టమైన లెవెల్, అంతే. ఎన్నిసార్లు జారిపడ్డానో లెక్కపెట్టుకున్నాను. ఈసారి ఆ ఏడుపు వినగానే హెడ్‌ఫోన్స్ తీసేసి, లోపలికెళ్లి పాపని చూసొచ్చాను. ఆ రాత్రి ఇక ఆడలేదు.

నీకిప్పుడు ఇరవై ఏళ్లు. ఎక్కడ ఏమనిపించిందో రెండు ముక్కలు నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఆడు. నేను రాసుకోలేదు. టామీ కథ ముగిసినప్పుడు ఆ వయసులో నాకేమనిపించిందో ఎంత ఆలోచించినా ఇప్పుడు గుర్తు రావడం లేదు.

మీ బాబాయి