కారు గురించి రాసిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చేరి పది రోజులైంది. మొదటిసారి చదివి విసుగొచ్చి పక్కన పెట్టేశాను. తొలి పేరాలోనే "మా కారు మాకు అమ్మలాంటిది" అన్నావు. రెండో పేజీకి అది స్నేహితురాలైంది. నాలుగో పేజీకి గుడి అయింది. అమ్మ గురించి చదవాలనిపిస్తే అమ్మ గురించే చదువుకుంటాను కదమ్మా. కారును కారుగా ఉండనివ్వకుండా దానిచేత ఇన్ని వేషాలు ఎందుకు వేయించావు?

మళ్లీ చేతిలోకి తీసుకున్నది ఆరో పేజీలోని ఒక్క వాక్యం కోసం. "ఇప్పటికీ ఏ కారు తలుపు వేసినా ముందు కొంచెం పైకెత్తి వేస్తాను" అని రాశావు. పందొమ్మిదేళ్లు వాడిన తలుపు బరువుకి కిందికి జారుతుంది, ఎత్తితే తప్ప పడదు. కారు వెళ్లిపోయి నాలుగేళ్లయినా నీ చెయ్యి ఆ సంగతి మరిచిపోలేదు. అది చదివి కాసేపు ఊరికే కూర్చుండిపోయాను. నువ్వు మాత్రం అక్కడ ఒక్క క్షణమైనా ఆగకుండా మళ్లీ కన్నీళ్ల దగ్గరికి పరిగెత్తావు.

పాత కారు మీద మమకారం ఉండేది చేతుల్లో, కాళ్లలో, చెవుల్లో. ఎవరు అడిగినా, అడగకపోయినా నేను ఇదే చెబుతాను. చల్లారిన ఇంజన్‌కి పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ కావాలి. గాలిని తగ్గించే చోక్ పిడి లాగేది అందుకే. మరీ లాగితే ప్లగ్గులు తడిసి మొరాయిస్తుంది. ఎంత లాగాలన్నది ఒక్కో కారుకి ఒక్కో లెక్క, అది ఆ ఇంట్లోవాళ్ల వేళ్లకే తెలుస్తుంది. వారంపాటు కదలకుండా ఉంటే, పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి అందించే కార్బురేటర్‌లో పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు మళ్లీ నింపేదాకా సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాలి. తెలియనివాళ్లు బ్యాటరీ పోయిందని టెన్షన్ పడతారు. మీ నాన్నగారు పడి ఉండరు. ఆయన రోజూ పొద్దున్నే "కారును నిద్రలేపేవారు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎలా లేపేవారు? నాకు కావలసింది అది.

నా కారు నా దగ్గర ఇరవై రెండేళ్లు ఉంది. ఒక రాత్రి ఇంటికి చాలా దూరంలో క్లచ్ వైరు తెగిపోయింది. వెనక సీట్లో జ్వరంతో పిల్లవాడు. ఇంజన్ ఆపి, ఫస్ట్ గేరులో పెట్టి సెల్ఫ్ కొట్టాను. కారు రెండుసార్లు ఎగిరిపడి కదిలింది. ఇక క్లచ్ లేకుండానే గేర్లు మార్చాలి. యాక్సిలరేటర్ వదిలి న్యూట్రల్‌కి తెచ్చి, ఇంజన్ శబ్దం దిగుతూ దిగుతూ ఒకచోటికి రాగానే సెకండ్‌లోకి నెట్టాలి. సరిగ్గా ఆ క్షణంలో నెడితే మెత్తగా పడిపోతుంది. కాస్త అటూ ఇటూ అయిందా, పళ్లు నూరుతుంది. ఆగిన ప్రతిచోటా ఇంజన్ ఆపడం, మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టడం. ఆ శబ్దం నా చెవులకి అన్నేళ్లుగా తెలుసు కాబట్టి ఇల్లు చేరాం.

నా మొదటి వ్యాసంలో ఇదంతా రాశాను. సంపాదకుడు ఆ రెండు పేజీలూ కొట్టేశాడు. "ఇది సాహిత్యం, మెకానిక్ షెడ్డు కాదు" అన్నాడు. చివర "అది కారు కాదు, మా ఇంటి మనిషి" అని తనే ఒక వాక్యం చేర్చాడు. నా పేరు మీద అచ్చయిన ఆ వ్యాసానికి ఉత్తరాలు వచ్చాయి. అందరూ మెచ్చుకున్నది ఆ ఒక్క వాక్యాన్నే. ముప్పై ఏళ్లు దాటినా ఆ కోపం నాకు తగ్గలేదు. నీ వ్యాసంలో దాదాపు అదే వాక్యం కనబడేసరికి నీమీద అంత విసుగు రావడానికి కారణం అదే కావచ్చు.

ఈమధ్య ఏ జ్ఞాపకం చదివినా వర్షంతో మొదలవుతోంది, వాక్యం చివర మూడు చుక్కలతో ఆగుతోంది. నీ చుక్కలు లెక్కపెట్టాను, పద్నాలుగు చోట్ల ఉన్నాయి. చెప్పడానికి మాట దొరకనప్పుడు చుక్కలు పెట్టడం సులువు. తీసెయ్.

అమెరికాలో అర్వ్ గోర్డన్ అని ఒక సైన్సు మాస్టారు ఉండేవాడు. 1966లో వోల్వో పి1800 కొన్నాడు. 2013కల్లా అదే కారు మీద 30 లక్షల మైళ్లు తిరిగాడు. అంటే 48 లక్షల కిలోమీటర్లకు పైనే. రహస్యం ఏమిటని అడిగితే ఆయన చెప్పింది సర్వీసు గురించి, కంపెనీ ఇచ్చిన మాన్యువల్ గురించి. అంతకన్నా గాఢమైన ప్రేమ మాట నాకింకోటి తెలియదు. వేళకి ఆయిల్ మార్చడం కూడా రాయదగ్గ విషయమేనమ్మా.

మీ కారు మీటరు 99,999 దాటి మళ్లీ సున్నాలకి వచ్చిందని అన్నావు. పాత మీటర్లకి ఐదంకెలే ఉండేవి కదా. ఆ ఐదూ ఒక్కసారిగా తిరిగిన క్షణంలో కారులో ఎవరెవరున్నారు? ముందు ఎవరు చూశారు? అది ఒక్క వాక్యంలో దాటేసే విషయం కాదు.

ఇక కారు అమ్మేసిన రోజు. కొన్నవాళ్లు ఎంత సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ కాలేదు. మీ నాన్నగారు కిటికీలోంచి చెయ్యి పెట్టి, చోక్ కాస్త లాగి, స్టార్ట్ చేసి ఇచ్చారు. ఇది రాసింది నువ్వేనా అని రెండోసారి చదువుకున్నాను. నీ వ్యాసం అక్కడే అయిపోయింది. ఆ తర్వాత ఉన్న పేజీన్నర, గుండె ముక్కలవడంతో సహా, కొట్టేయి.

ఏ పత్రికకి పంపాలి, కథ అనాలా వ్యాసం అనాలా, కలంపేరు పెట్టుకోవాలా అని అడిగావు. వాటి సంగతి తర్వాత చూద్దాం.

ఒక్కటి మాత్రం వెంటనే రాయి. ఎడమకి మలుపు తిప్పినప్పుడల్లా కుడి ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు వచ్చేదన్నావు. అది చక్రానికి శక్తినిచ్చే ఇరుసు చివర జాయింటు అరిగిన చప్పుడు. రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు పోయి, దుమ్ము చేరితే అలాగే అంటుంది. దాన్ని ఎవరు కనిపెట్టారు? బాగు చేయించారా, లేక ఆ చప్పుడుతోనే అన్నేళ్లూ తిరిగారా?

ఆశీస్సులతో,
నీ ఉత్తరం కోసం ఎదురుచూస్తూ