నీల్ గౌ రెండో భార్య కోసం కట్టిన ట్యూన్ మేజర్ స్కేల్‌లో ఎందుకుంది?

మీ ఫిడిల్ (వయొలిన్) టీచర్ "నీల్ గౌస్ లమెంట్ ఫర్ ద డెత్ ఆఫ్ హిస్ సెకండ్ వైఫ్", అంటే రెండో భార్య మరణం మీద నీల్ గౌ శోకగీతం, నేర్పుతున్నారన్నారు. ఆ పేరు వెనక కథ నిజమేనా, శోకగీతమైతే ఏడుపు వినిపించదేం అని అడిగారు. కథ నిజమే. రెండో ప్రశ్నకే కాస్త ఎక్కువ చెప్పాలి.

స్కాట్లండ్ ఫిడిల్ విద్వాంసుడు నీల్ గౌ 1727లో అక్కడి పర్త్‌షైర్‌లో పుట్టాడు. బతుకంతా డంకెల్డ్ పక్కన, టే నది ఒడ్డునున్న ఇన్వర్ అనే చిన్న ఊళ్ళోనే గడిచింది. అథోల్ డ్యూకుల కుటుంబం పోషించింది. స్కాట్లండ్‌లో పెద్దింటి నాట్యసభ ఏది జరిగినా ఇతనికి కబురు వెళ్ళేది. పక్కన సోదరుడు డోనాల్డ్ చెల్లో వాయించేవాడు. 1787లో స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ వచ్చి ఇతని వాయిద్యం విన్నాడు. హెన్రీ రేబర్న్ గీసిన చిత్రాల్లో గళ్ళ బట్టతో కుట్టిన పొట్టి లాగు తొడుక్కుని, ఫిడిల్ పట్టుకుని కూర్చుని ఉంటాడు. డ్యూక్ విందుకెళ్ళినా వేషం అదే.

మొదటి భార్య మార్గరెట్ వైజ్‌మన్. ఆమె పోయాక 1768లో పర్త్‌కి చెందిన మార్గరెట్ అర్కర్ట్‌ని చేసుకున్నాడు. ఇద్దరి పేరూ ఒకటే కాబట్టి కథ చెప్పేవాళ్ళు తరచూ తికమక పడతారు. రెండో మార్గరెట్‌తో కాపురం ముప్పై ఏళ్ళు దాటింది. 1805లో ఆమె చనిపోయే నాటికి నీల్‌కి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఫిడిల్ పక్కన పెట్టేశాడనీ, స్నేహితులు బతిమాలితే మళ్ళీ చేతిలోకి తీసుకుని వాయించింది ఇదేననీ అక్కడ చెప్పుకుంటారు. ఆ కాస్త భాగాన్ని మాత్రం జనం నోట పెరిగిన కథగానే తీసుకోండి. 1807లో ఆయనా పోయాడు. ట్యూన్ అచ్చయింది ఆ తర్వాత, 1809లో. ఎడిన్‌బరోలో సంగీత ప్రచురణ వ్యాపారం చేసిన కొడుకు నథానియెల్ వేయించాడు.

గౌ కుటుంబం వాళ్ళు ఇతరుల ట్యూన్లకి పేర్లు మార్చి తమ పుస్తకాల్లో వేసుకున్నారన్న గొడవ ఒకటుంది. విలియమ్ మార్షల్ లాంటి గొప్ప స్వరకర్తవి కూడా అలా వెళ్ళాయి. అందుకే "నిజంగా ఆయనదేనా" అన్న మీ అనుమానంలో తప్పు లేదు. కానీ ఈ ట్యూన్ విషయంలో ఎవరైనా పేచీ పెట్టినట్టు నేనెక్కడా చూడలేదు.

ఇక మేజర్ సంగతి. పాశ్చాత్య సంగీతంలో మేజర్ స్కేల్ అంటే మామూలుగా సంతోషంగా వినిపించేది, అందుకే మీ ప్రశ్న. ట్యూన్ డి మేజర్‌లో, 6/8లో (ఒక్కో బార్‌కి, అంటే ఆవర్తనానికి, ఆరు దెబ్బలు) నెమ్మదిగా నడుస్తుంది. మన లెక్కలో శంకరాభరణం స్వరాలే. నీల్ జీవితమంతా జనాన్ని నాట్యం చేయించిన మనిషి. స్ట్రాత్‌స్పేలు, రీళ్ళు అనే నాట్యపు ట్యూన్లే ఆయన కూడు. మామూలుగా కమాను కిందికి లాగినప్పుడు బలం ఉంటుంది, పైకి తోసేటప్పుడు తగ్గుతుంది. ఈయనకి పైకి తోసే కమానులోనూ అంతే బలం ఉండేదని ఆ కాలం వాళ్ళు రాశారు. పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక పోటీలో, వందమంది వాయించినా నీల్ కమానుని గుర్తుపడతానని చూపులేని న్యాయనిర్ణేత అన్నాడట. అలాంటి చేయి దుఃఖంలో కూడా లయ వదలదు. అంతకుముందు ఆయన అబర్‌కెర్నీ జమీందారు జేమ్స్ మరే పోయినప్పుడూ శోకగీతం కట్టాడు. అంటే ఎవరైనా పోతే ట్యూన్ కట్టడం ఆయనకి కొత్త కాదు. కాబట్టి ఇందులో ఏడుపు వెతక్కండి. ముప్పై ఏళ్ళ సంసారాన్ని ఒక ముసలాయన తలుచుకుంటున్నాడని నా ఊహ. అందులో మంచి రోజులే ఎక్కువ ఉండి ఉంటాయి.

నేను చిన్నప్పుడు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. ఎడిన్‌బరోలో చదువుకునే రోజుల్లో ఫారెస్ట్ రోడ్డులోని శాండీ బెల్స్ పబ్‌లో అందరూ కలిసి వాయించే సెషన్లకి వెళ్ళేదాన్ని. మొదట్లో నా చేతికి అలవాటైన గమకాలు గాంధారం మీద, నిషాదం మీద వాటంతటవే వచ్చేసేవి. వినడానికి బాగానే ఉండేది, కొందరు మెచ్చుకున్నారు కూడా. పక్కన వాయించే ఒక పెద్దాయన మాత్రం, "స్వరాన్ని నిలబెట్టమ్మా, కమానుతో చెప్పు" అన్నాడు. అప్పటినుంచి ఎడమ చేతిని కట్టేసినట్టు ఉంచి, ఒత్తిడీ వేగమూ కుడి చేత్తోనే మారుస్తూ సాధన చేశాను. ట్యూన్ పూర్తిగా వేరేలా వినిపించింది. రెండో భాగం పైకి వెళ్ళినప్పుడు చాలామంది శబ్దం పెంచేస్తారు, సినిమా క్లైమాక్స్‌లో లాగా. నాకది నచ్చదు. పైస్వరాలు అందుకునేటప్పుడే కాస్త తగ్గిస్తే బాగుంటుంది.

వీలైతే ఫిడిల్ వాద్యకారుడు పీట్ క్లార్క్ వాయించింది వినండి. బ్లేర్ కోటలో భద్రపరిచిన నీల్ గౌ సొంత ఫిడిల్ మీద రికార్డు చేశాడాయన. సాధన మొదలుపెట్టేటప్పుడు లయ కొట్టే మెట్రోనోమ్ పెట్టుకోండి. ఆరు దెబ్బలూ విడివిడిగా లెక్కపెట్టకుండా బార్‌కి రెండు పెద్ద దెబ్బలుగా పట్టుకోండి. లేకపోతే ట్యూన్ మధ్యలోనే ఆగిపోతున్నట్టు ఉంటుంది.